గుడ్డు చేపలు కుప్పలోకి రావు

విశ్వవిద్యాలయం ఆఫీసులో నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు చేసిన పని చెబితే మీకు నవ్వొస్తుంది. ఏ శాఖ వాళ్ళు ఆ ఏడు ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చు వేయించారు, ఎందరికి డాక్టరేట్లు వచ్చాయి, ఎవరి పత్రాన్ని ఏ దేశం వాళ్ళు అడిగి తెప్పించుకున్నారు, ఇవన్నీ సేకరించి వార్షిక నివేదికకి జాబితా కట్టడం. నేను మాత్రం ఒక్క పత్రమూ రాసినవాణ్ణి కాను. పెళ్ళిలో విస్తళ్ళు లెక్కపెట్టేవాడికి వంట రుచి ఎంత తెలుస్తుందో నాకు పరిశోధన అంత తెలుసని మా ఆవిడ అనేది.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, ఈ లెక్కలన్నీ కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే వచ్చేస్తున్నాయని, ఏ పత్రం ప్రభావం ఎంతో దశాంశాలతో సహా చెబుతోందని మురిసిపోతుంటారు. మంచిదే. ఆ యంత్రమేదో నా కాలంలో ఉంటే నా నడుం ఇలా వంగేది కాదు. కానీ అచ్చుకి సిద్ధమయ్యాక ఆఖరి ఘడియలో వెనక్కి తీసుకున్న పత్రానికి నా జాబితాలో గడి ఉండేది కాదు, ఇప్పటి యంత్రంలోనూ లేదట. అలాంటి పత్రం ఒకటి నాకు తెలుసు. అది వెనక్కి రావడానికి కారణం నేనే కాబట్టి బాగా తెలుసు.

అరవైల చివరి మాట. జంతుశాస్త్రంలో బియ్యెస్సీ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, పాతపట్నం దగ్గర మా ఊళ్ళో నాన్న వెనక పొలం గట్ల మీద తిరుగుతున్న నాకు, విశ్వవిద్యాలయం వారి చేపల పరిశోధన పథకంలో ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. పనిచోటు కళింగపట్నం రేవు. అంతవరకు నేను సముద్రాన్ని రెండేసార్లు చూశాను, రెండుసార్లూ దూరం నుంచే.

పథకంలో ముఖ్యులు ఇద్దరు. మొదటివారు రీడరు గారు. పథకం ఆయనదే. మనిషి పొట్టి, కోపం పొడుగు. పక్క శాఖలకి కొత్త భవనాలు వస్తుంటే, ఒక మంచి మైక్రోస్కోపు కోసం నాలుగేళ్ళు ఫైళ్ళ వెంట తిరిగిన మనిషి. ఆయన బల్ల మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు ఉండేవి కావు, కార్డులు ఉండేవి. ఆ రోజుల్లో మన పత్రం చూసి ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే, దాని కాపీ ఒకటి పంపమని పోస్టుకార్డు రాసేవారు. ఏ దేశం నుంచి కార్డొచ్చినా ఆయన ముందు స్టాంపు చూసి, తర్వాత వెనక తిప్పి చదివి, డబ్బాలో వేసుకునేవారు. ప్రభావం అనే మాటకి నాకు తెలిసిన మొదటి అర్థం ఆ డబ్బా. అది సగం కూడా నిండలేదు.

రెండోవారు ఆయన దగ్గర డాక్టరేటుకి పనిచేస్తున్న స్కాలరు. విజయనగరం ఆవిడ. వాళ్ళమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. నాకన్నా ఐదేళ్ళు పెద్ద. ఇంట్లో పెళ్ళి మాటెత్తినప్పుడల్లా థీసిస్ అయ్యాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చారు. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. నేను మేడమ్ గారూ అనేవాణ్ణి. ఆమె తమ్ముడూ అన్నందుకైనా అక్కా అని అప్పుడే ఒక్కసారి అనాల్సింది, అనలేదు.

మా ప్రశ్న ఒక్కటే. కానాగంత చేప మన తీరంలోనే గుడ్లు పెడుతుందా, లేక ఎక్కడో పుట్టి పెరిగి ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తుందా? ఇది ఊసుపోని ప్రశ్న కాదు. ఇక్కడే గుడ్లు పెట్టేదైతే ఆ నెలల్లో వేట కాస్త తగ్గించాలి, చిన్న కన్నుల వలలు ఆపాలి. చుట్టపుచూపు చేపైతే దొరికినన్నాళ్ళు పట్టుకోవచ్చు. ఈ సంగతి ఇదమిత్థంగా తేల్చినవాళ్ళు ఈ తీరంలో అప్పటికి లేరని రీడరు గారు చెప్పేవారు.

తేల్చే పనిలో నా వంతు ఇది. వలలు ఒడ్డుకి చేరాక చేపల్ని కుప్పలుగా పోసి వేలం పాడతారు. ఒక్కొక్క కుప్పలోంచి చేతికందినట్టుగా కొన్ని చేపలు తియ్యాలి, బద్ద మీద పెట్టి పొడవు కొలవాలి, పొట్ట కోసి లోపల గుడ్ల తిత్తి ఏ స్థితిలో ఉందో చూసి నోటు పుస్తకంలో రాయాలి. కొన్నిటిని మందు నీళ్ళ డబ్బాల్లో వేసి, బస్సులో శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఆమదాలవలస స్టేషనుకి మోసుకెళ్ళి పాసింజరు బండికి ఎక్కించాలి. ఆ మందు వాసనకి బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. 'వేలం కుప్పల నుంచి మాత్రమే' అని రీడరు గారు స్వయంగా రాసిచ్చిన సూచనల కాగితం నా పుస్తకం అట్టకి అంటించి ఉండేది.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. వల ఇంకా ఒడ్డున పరిచి ఉండగా చెప్పులతో దాని తాడు దాటాను. నలుగురు ఆడవాళ్ళు ఒక్కసారి లేచి నా ఏడుతరాల్నీ తలుచుకున్నారు. వల విప్పేచోట బయటి మగవాడికి పనిలేదని, కుప్ప పోశాక రమ్మని చెప్పి పంపేశారు. ఆ రోజు నుంచి నేను వేలం చోట పాతిన కర్ర దగ్గర, వలకి వంద బారల దూరంలో, బద్దా కత్తీ పట్టుకుని బుద్ధిగా నిలబడేవాణ్ణి. రెండేళ్ళు అక్కడే నిలబడ్డాను.

ఆ నలుగురిలో గట్టిగా తిట్టినావిడ ఇంట్లోనే నాకు భోజనం కుదిరింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఊళ్ళో అందరిలాగే నేనూ అప్పా అని పిలిచేవాణ్ణి, ఆ వైపు అక్కని అలాగే అంటారు. భర్త నావ మీద వెళ్ళేవాడు. తిట్టినంత ధారాళంగానూ అన్నం పెట్టేది.

రెండేళ్ళ నోటు పుస్తకాలు ఒకే మాట చెప్పాయి. గుడ్లు పట్టిన చేప దాదాపు లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కనిపిస్తే, దారి తప్పి వచ్చినవని మేడమ్ గారు ఒక పక్కన రాసుకున్నారు. కానాగంత మన తీరంలో గుడ్లు పెట్టదని తేలిపోయింది. ఆమె రాసిన పత్రాన్ని పేరున్న పత్రిక ఒకటి ఒప్పుకుంది. అచ్చు ప్రూఫులు వచ్చాయి. చివర కృతజ్ఞతల్లో, జాగ్రత్తగా నమూనాలు సేకరించినందుకు అంటూ నా పేరు ఒక వరుసలో ఉంది. ఆ వరుసని కాగితం మీద ఎత్తి రాసుకుని ఊరికెళ్ళినప్పుడు నాన్నకి చూపించాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. అయినా అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

సరిగ్గా అప్పుడే పథకం గడువు ముగిసింది. దాన్ని కొనసాగించాలో మూసెయ్యాలో తేల్చడానికి ఢిల్లీ నుంచి ముగ్గురు పెద్దల కమిటీ వస్తుందని తెలిసింది. మా పథకం నుంచి అచ్చుకెక్కే పత్రం ఇదొక్కటే. పత్రం నిలిస్తే పథకం నిలుస్తుంది, పథకం నిలిస్తే మేడమ్ గారి ఫెలోషిప్పు, థీసిస్, నా ఉద్యోగం నిలుస్తాయి. ఒక్క రాట మీద వేసిన పందిరి. కమిటీ రేవు కూడా చూస్తుందట. ఏర్పాట్లు చూడ్డానికి మేడమ్ గారు ఒకరోజు ముందే కళింగపట్నం వచ్చారు. ఆ మధ్యాహ్నం అప్ప మా ఇద్దర్నీ భోజనానికి కూర్చోబెట్టింది.

అప్ప కూతురు అప్పుడు పురిటికి పుట్టింటికొచ్చి ఉంది, ఏడో నెల. కూర గిన్నె ముందు ఆ పిల్ల దగ్గరకి వెళ్ళి, తర్వాత మా దగ్గరకొచ్చింది. మేడమ్ గారు రెండు ముద్దలు తిన్నారు. మూడో ముద్ద కలుపుతూ ఆగిపోయారు. చేపముక్క పక్కన పచ్చగా, బొటనవేలంత ఉన్న తిత్తిని వేలితో విడదీసి చూశారు. కంచంలోంచి చెయ్యి తియ్యకుండానే నావైపు తిరిగారు.

"ఇది కానాగంతే కదూ?"

కానాగంతే. నాకు అప్పటికీ వెలగలేదు. వాటి రుచే వేరండీ, ఈ నెలల్లో వారానికి రెండు మూడుసార్లు పెడుతుంది అన్నాను. ఆ మాట నా నోటి నుంచి పూర్తిగా బయటికొచ్చాక అప్పుడు వెలిగింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడి కథ చిన్నప్పుడు విని నవ్వుకున్నాను. నేను వెతుకుతున్నదాన్ని రెండేళ్ళుగా పులుసు పోసుకుని తింటున్నాను.

ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయని మేడమ్ గారు అప్పని అడిగారు.

"ఏటమ్మా అలగడుగుతావు, మా వల్లోవే. గుడ్డు సేపని కుప్పలో ఎవులేస్తారు? కడుపుతో ఉన్నదాన్ని యేలం పాడితే గంగమ్మ ఊరుకుంటాదేటి? వల ఇప్పగానే మేవే పొట్ట నొక్కి సూసి ఏరీసి, బుట్టలో ఏసి తడిగుడ్డ కప్పీస్తాం. సూలింతలున్న ఇళ్ళకి పోతాది."

మరి నాకెందుకు పెట్టావని నేను అడగలేదు. అడగకపోయినా చెప్పింది. కడుపుతో ఉన్న మా గుంటకి పెట్టగా మిగిలింది, ఇంట్లో తినేవాడివి నీ కంచంలో వెయ్యకపోతే దిష్టి కదా అంది.

మేడమ్ గారు కంచం పక్కకి జరిపారు. వల దగ్గర నిలబడి ఎప్పుడూ చూడలేదా తమ్ముడూ అని అడిగారు. నేను పుస్తకం అట్ట మీది కాగితం చూపించాను. వేలం కుప్పల నుంచి మాత్రమే. నా మీద తప్పు లేదన్నట్టు చూపించాను. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

ఇక్కడ పిల్లలకి ఒక మాట చెప్పాలి. నేను సముద్రం ఎరగనివాణ్ణే గానీ కళ్ళం ఎరగనివాణ్ణి కాను. మా ఊళ్ళో నూర్చిన ధాన్యం కుప్ప కొలవకముందే చాకలికి, మంగలికి, కమ్మరికి, ఎవరి పాలు వాళ్ళకి పోతుంది. కొలిచేది మిగిలినదాన్ని. ఆ పాలు నా చేత్తో నేనే చేటలకెత్తి పోసినవాణ్ణి. అలాంటివాడికి, ఇసక మీద పోసిన కుప్ప మొత్తం పట్టుబడి అనిపించింది. చదువుకున్నందుకు నాకు దక్కిన ఫలం అది.

బయటికొచ్చాక రేవు వైపు నడుస్తూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చారు. "రేపు సాయంత్రం దాకా నోరు మెదపకు. కమిటీ వెళ్ళిపోయాక రీడరు గారికి నేనే చెప్తాను. పథకం నిలబడితే మళ్ళీ మొదట్నుంచి కొలుద్దాం. అది మూతబడితే ఆ కొలతలు ఎవరూ చెయ్యరు."

ఆ వాదనలో నాకు లొసుగు కనిపించలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు. ఆమె చెప్తానన్నారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు, నాకు కావలసింది అదే.

సాయంత్రం నేను సరిగ్గా తినకపోవడం చూసి అప్ప నిలదీసింది. అంతా చెప్పే ధైర్యం లేక సగం చెప్పాను. రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు, నేను గుడ్డు చేపలు లేవని రాశాను, ఆ సంగతి మీదే నా ఉద్యోగం ఉందన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. సగం నిజం చెప్పేవాళ్ళు, మిగతా సగాన్ని ఎదుటివాళ్ళు తమకు తోచినట్టు పూర్తి చేసుకుంటారని గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున్న జీపులో రీడరు గారు, కమిటీ పెద్దలు ముగ్గురు దిగారు. రీడరు గారు ఆ రోజు కొత్త కోటు వేసుకున్నారు, ఉప్పుగాలికి చెమటలు కారుతున్నా విప్పలేదు. ముగ్గురిలో పెద్దాయన తెల్లజుట్టు మనిషి, మాట తక్కువ. ఆయనకి తెలుగు రాదు. నా నోటు పుస్తకాలు తీసుకుని, ఇసక మీద వేసిన కుర్చీలో కూర్చుని, పేజీ పేజీ తిప్పుతున్నారు. చేతిరాత బాగుందని ఇంగ్లీషులో అన్నారు. రీడరు గారి ముఖం వెలిగింది. మేడమ్ గారు నా వైపు చూడకుండా నిలబడ్డారు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ పొద్దున్న నన్ను చూస్తే తెలిసేది.

వలలు వచ్చాయి, కుప్పలు పోశారు, వేలం నడిచింది. నేను రోజూలాగే చేపలు తీసి కొలిచి కోసి చూపించాను. ఒక్కదానిలోనూ గుడ్లు లేవు. రీడరు గారు ప్రతి చేపకీ వివరణ ఇస్తున్నారు. ఇంకో పావుగంట గడిస్తే జీపు ఎక్కేస్తారు.

అప్పుడు వల వైపు నుంచి అప్ప రావడం కనిపించింది. నెత్తి మీద తడిగుడ్డ కప్పిన బుట్ట. వెనక మరో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఆయాసపడుతూ ఆమె కూతురు. తిన్నగా కుర్చీ దగ్గరకొచ్చి, బుట్ట దించి, తెల్లజుట్టు పెద్దాయన కాళ్ళ ముందు గుడ్డ తీసింది. బుట్ట నిండా కానాగంతలు. పొట్టలు ఉబ్బి, కొన్నిటికి గుడ్లు బయటికి కారుతున్నాయి.

"బాబూ, ఈ కుర్రోడి తప్పు నేదు. గుడ్డు సేపలు నేక కాదు, మేవే ఈడికి సూపించనేదు. ఇంద, కావలసినన్ని సూసుకోండి. ఈడి ఉజ్జోగం తీసీకండి."

ఆ నలుగురూ ఆ బుట్టను వేలం చోటికి తెచ్చిన మొదటిసారి అదేనని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు చూలింతలకి పోవలసిన పాలు అది. ఒక్కపూట నాను తినకపోతే ఏటైపోదు అని కూతురే ముందు ఒప్పుకుందట.

పెద్దాయనకి ఆమె మాటలు అర్థం కాలేదు. కానీ ఆయన చేపలెరిగిన మనిషి. వంగి ఒకదాన్ని తీసి, పొట్ట మీద బొటనవేలు నొక్కి, చూశారు. నా పుస్తకం తెరిచి ఉన్న పేజీ చూశారు. మళ్ళీ చేప చూశారు. ఆమె ఏమంటోందని అడిగారు.

రీడరు గారు తడుముకోలేదు. నా వైపు తిరిగి తెలుగులో, నెమ్మదిగా అడిగారు. "ఇవి ఈ రేవువి కావు కదా? ఉత్తరం నుంచి వచ్చిన నావలవి కదా?"

ఆయనకి నిజం తెలియదు. ఆయన అబద్ధమాడమని అడగలేదు, అలా అయితే బాగుండునని అడిగారు. అవునంటే చాలు. కాదంటే చాలు. నలభై ఏళ్ళుగా నేను రెండు జవాబులూ ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆ రోజు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. నోటు పుస్తకం ఇమ్మన్నట్టు చెయ్యి చాపి, ఇసక వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఈ రేవువేనండి," అన్నారు మేడమ్ గారు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి ఇంగ్లీషులో మొత్తం చెప్పారు. గుడ్డు చేపల్ని కుప్పకి ముందే ఏరేస్తారని, మేము రెండేళ్ళూ ఏరగా మిగిలినవే కొలిచామని, ఇది తనకు నిన్న మధ్యాహ్నమే తెలిసిందని, చెప్పకుండా దాచానని. మేము దాచామని అనలేదు. దాచాననే అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నాకూ తెలుసండీ అని అనొచ్చు. అనలేదు.

అప్పకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మేడమ్ గారి ముఖం చూసి తను చేసిందేదో బెడిసికొట్టిందని గ్రహించింది. గుడ్డ మళ్ళీ బుట్ట మీద కప్పి, రెండు చేతులూ దాని మీదే ఉంచి కూర్చుంది.

పెద్దాయన కోప్పడలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, నమూనా తీసేటప్పుడు ఎక్కడ నిలబడేవాడివని మాత్రం అడిగారు. వేలం కర్ర చూపించాను. ఆయన అక్కణ్ణుంచి వల దాకా చూసి, తలాడించి, జీపు వైపు నడిచారు.

రీడరు గారు జీపెక్కలేదు. వాళ్ళని పంపించి, నా పుస్తకం అట్ట మీది కాగితాన్ని చదివారు. రాసింది నేనే కదా అన్నారు, తనలో తను అన్నట్టు. తర్వాత కోటు విప్పి చేతి మీద వేసుకుని, మాతో పాటు బస్సులో శ్రీకాకుళం వచ్చారు. మందు వాసన లేకపోయినా ఆ రోజు మా ముగ్గురి పక్కనా ఎవరూ కూర్చోలేదు. పోస్టాఫీసులో పత్రికకి తంతి ఆయనే రాశారు. పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నామని. రాసినదాంట్లో ఒక్క మాటా కొట్టెయ్యలేదు. కోపిష్టి మనుషుల్ని తక్కువగా చూడకూడదని ఆ రోజు తెలుసుకున్నాను.

పథకం మూతపడింది. పత్రం లేని పథకాన్ని ఎవరూ మొయ్యరు. విచిత్రం ఏమిటంటే ఉద్యోగం నాకే మిగిలింది. చేతిరాత బాగుంటుందని విశ్వవిద్యాలయం ఆఫీసులో గుమాస్తాగా వేశారు. మొదటి ఏడాది నా చేతికొచ్చిన పని పరిశోధనల జాబితా. మా పథకం పేరుకెదురుగా గడిలో 'నిల్' అని రాసింది నేనే. చక్కటి చేతిరాతతో రాశాను.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. "కళ్ళంలో పుట్టినోడివి, కుప్ప కొలిసీలోగా ఎన్ని సేతులు పడతాయో నీకు తెల్దేటి?" అన్నాడు. నా పేరున్న ఆ కాగితం మాత్రం చింపలేదు. నేనూ అడగలేదు.

మేడమ్ గారు విజయనగరంలో ఆడపిల్లల స్కూల్లో టీచరుగా చేరారు. తర్వాత రెండు చలికాలాలు, శనాదివారాలు బస్సుల్లో పడి కళింగపట్నం వెళ్ళి, వల విప్పేచోట ఆడవాళ్ళ మధ్య కూర్చుని, బుట్టలో పడే ప్రతి చేపనీ లెక్క రాసుకున్నారు. నన్ను రమ్మని ఆమె పిలవలేదు. వస్తానని నేను అడగలేదు. రీడరు గారు ఆమె థీసిస్ వదల్లేదు, ఆదివారాలు తన ఇంట్లో కూర్చోబెట్టి దిద్దారు. చివరికి ఒక చిన్న పత్రికలో ఆరు పేజీల పత్రం వచ్చింది. కానాగంత మన తీరంలోనే గుడ్లు పెడుతుంది. దాని మీదే ఆమెకి డాక్టరేటు వచ్చింది.

ఆ పత్రానికి వచ్చిన కార్డులు ఆఫీసు టపాలో నా బల్ల మీదుగానే వెళ్ళేవి. నేను పేరు కూడా పలకలేని ఊళ్ళ నుంచి వచ్చాయి. గుడ్ల సంగతికన్నా, కుప్పలోకి రాని చేపల సంగతి వాళ్ళకి ఎక్కువ కావలసి వచ్చిందని కార్డులు చదివితే తెలిసేది. రీడరు గారి డబ్బా నిండింది. ఆయన రిటైరయ్యే రోజు మూత పట్టకపోతే పురికొస కట్టి పట్టుకెళ్ళారు.

నాకూ రెండు ప్రతులు వచ్చాయి, వాటితో పాటు మేడమ్ గారి చీటీ. రెండోది అప్పకి ఇచ్చి చదివి వినిపించమని. నేను కళింగపట్నం వెళ్ళాను. ఆ రోజు పొట్టలో ఉన్న పిల్ల అప్పటికి బడికెళుతోంది. అప్ప నన్ను చాప మీద కూర్చోబెట్టి, కాగితం మీద వేలు పెట్టి చదవమంది, ఏ గీత ఏ మాటో తనకీ తెలియాలట. కృతజ్ఞతల్లో ఆమె పేరుంది, మిగతా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. నా పేరు లేదు. వేలు వరుస వెంట కదుపుతూ తెలుగు చేసి చెప్పుకుంటూ పోయాను. మధ్యలో ఒక వరుస దగ్గర నా వేలు ఆగకుండా కిందికి దిగిపోయింది.

"ఆ గీత ఒగ్గేసినావు," అంది అప్ప.

వెనక్కి వెళ్ళాను. చదివాను. 'మా మొదటి కొలతల్లో గుడ్డు చేపలు కనిపించకపోవడానికి కారణం చేప కాదు, చూసిన మనిషి నిలబడిన చోటు.' లోకంలోని పరిశోధన పత్రాలన్నిటిలోనూ నా గురించి ఉన్న వాక్యం ఇదొక్కటే.

ఆ చూసినోడు నువ్వే కాదేటి అని ఆమె అడిగింది. నేనే అప్పా అన్నాను. ఆ పొద్దున్న పెద్దాయన ముందు అనాల్సిన మాట అన్నేళ్ళకి, ఆ చాప మీద, ఆమె ముందు అన్నాను. ఆ రోజు నాకు కూడా తెలుసు, మేడమ్ గారు ఒక్కరే కాదు దాచింది, నేనూ దాచాను అని కూడా చెప్పాను.

అప్ప కాగితాన్ని మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది.

"నాకెందుకు సెప్తావు? విజీనారం బస్సు మూడింటికి ఉన్నాది. ఆ పాపకి సెప్పు. ముందు లేసి అన్నం తిను."

తిన్నాను. మూడింటి బస్సెక్కాను. విజయనగరంలో ఆమె ఇంటి తలుపు తట్టి, ఆమె తియ్యగానే, నేను మొదట అన్న మాట అక్కా అని.